పుస్తకం చూసి ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం ఎలా?

మా అక్క కూతురు బీకాం చదువుతోంది. కిందటి వేసవి సెలవుల్లో పైథాన్ పుస్తకం ఒకటి కొనుక్కుని విశాఖ సీతమ్మధారలో మా ఇంటికొచ్చింది. వారం తర్వాత ఎంతవరకు వచ్చిందని అడిగితే "తొంభై పేజీలు అయిపోయాయి పిన్నీ" అంది. సరే, రెండు సంఖ్యలు తీసుకుని వాటిలో పెద్దది ఏదో చెప్పే ప్రోగ్రాం రాయమన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి ఖాళీ తెర వంక చూస్తూ కూర్చుంది. "చదువుతున్నప్పుడు అంతా అర్థమైంది పిన్నీ. ఇప్పుడు ఏటీ రావట్లేదు."

వారపత్రికలో సీరియల్ చదివినట్టు చదివింది మరి. ప్రోగ్రామింగ్ పుస్తకాన్ని చదవకూడదు, కొట్టాలి. కీబోర్డు మీద. అదెలాగో మొదటి నుంచి చెబుతాను.

ముందు పుస్తకం సంగతి

ఏ భాషతో మొదలుపెట్టాలన్న చర్చకు అంతుండదు. కొత్తవాళ్లకు నా ఓటు పైథాన్‌కే. నాలుగు వరుసలతో పని జరుగుతుంది, ఉచితంగా దొరుకుతుంది. కాలేజీలో సి చెబుతుంటే సి తోనే మొదలుపెట్టండి, నష్టమేమీ లేదు. రెండూ ఒకేసారి మాత్రం వద్దు.

కొనేముందు ఒకసారి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి రెండు మూడు పుస్తకాలు తిరగేయండి. ఆంధ్రా యూనివర్సిటీలో చదివేవాళ్లకు వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఎలాగూ ఉంది. అట్ట కన్నా ముందు, ముద్రించిన సంవత్సరం చూడండి. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో. పైథాన్ 2 కి 2020 జనవరి 1 నుంచి మద్దతు ఆగిపోయింది. పాత పుస్తకాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది: ప్రింట్ అన్న మాట తర్వాత బ్రాకెట్ లేకుండా నేరుగా కొటేషన్ మొదలైతే అది పైథాన్ 2 పుస్తకం. తిరిగి అరలో పెట్టేయండి. అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టినా మీ కంప్యూటర్ తప్పంటుంది, మీరేమో మీ తెలివిని అనుమానించుకుంటారు. సి పుస్తకాల్లోనూ ఇదే బెడద. 1987లో వచ్చిన టర్బో సి అనే పాత సాఫ్ట్‌వేర్ నీలం తెర కోసం రాసిన ప్రోగ్రాములు ఇప్పటి కంపైలర్లు (మన కోడును కంప్యూటర్ నడిపేలా మార్చేవి) చాలావాటిలో యథాతథంగా నడవవు.

రెండో పరీక్ష: అధ్యాయం చివర అభ్యాసాలు ఉన్నాయా? లేకపోతే ఆ పుస్తకం ఎంత లావుగా ఉన్నా మీకు పనికిరాదు. మూడో పరీక్ష: నడిమధ్య ఒక పేజీ తెరిచి చదవండి. ఇంగ్లిష్ వాక్యం కోసమే రెండుసార్లు వెనక్కి వెళ్లాల్సి వస్తే ఇంకో పుస్తకం చూసుకోండి. ఒకేసారి రెండు కొత్త భాషలతో కుస్తీ పట్టలేం.

కంప్యూటర్

పాత ల్యాప్‌టాప్ చాలు. 4 జీబీ ర్యామ్ ఉంటే ఎక్కువే. పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోండి. విండోస్‌లో అయితే ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున పాత్‌కు (విండోస్ ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితాకు) చేర్చమంటారా అని చిన్న గడి కనిపిస్తే, అక్కడ టిక్ పెట్టడం మరిచిపోకండి. దాంతోపాటే కోడు కొట్టుకోవడానికి ఐడిల్ అనే సాదా ఎడిటర్ వస్తుంది. మొదటి రెండు నెలలు అదే వాడండి. మీరు సగం మాట కొట్టగానే మిగతా సగం తనే పూరించే పెద్ద ఎడిటర్లు తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడు మీ వేళ్లకు పని కావాలి.

మొదటి రోజు: చేపల లెక్క

ఐడిల్ తెరిస్తే మూడు బాణం గుర్తులు కనిపిస్తాయి. అక్కడ ఒక్కో వరుస కొట్టి ఎంటర్ నొక్కితే అప్పటికప్పుడు జవాబు వస్తుంది. పైథాన్ 3 లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చన్న సంగతి చాలా పుస్తకాలు చెప్పవు. ఫిషింగ్ హార్బర్‌లో రెండున్నర కిలోల వంజరం కొన్నారనుకోండి. ధర నేను ఊహించి వేసిందే, బేరం మీ ఇష్టం.

ధర = 400
కిలోలు = 2.5
మొత్తం = ధర * కిలోలు
మొత్తం

నాలుగో వరుస తర్వాత ఎంటర్ కొడితే 1000.0 అని వస్తుంది. చివర ఆ చుక్కా సున్నా ఎందుకు? 2.5 దశాంశం కాబట్టి జవాబూ దశాంశంగానే ఉంటుంది. 2.5 తీసేసి 2 పెట్టి మొదటి నుంచి కొట్టండి, 800 అని చుక్క లేకుండా వస్తుంది. ఇలాంటి చిన్న 'ఎందుకు' దగ్గర ఆగకుండా పేజీ తిప్పేస్తే, ముప్పయ్యో పేజీలో అదే పెద్దదై ఎదురొస్తుంది.

ఇప్పుడు అసలు మెలిక. 2.5 మళ్లీ పెట్టి, మొత్తం 1000.0 ఉండగా, ధర = 500 అని కొట్టండి. ఆ తర్వాత మొత్తం అని కొట్టండి. ఎంత వస్తుందో ఎంటర్ నొక్కకముందే కాగితం మీద రాయండి.

మా అక్క కూతురు 1250 అని రాసింది. వచ్చింది 1000.0. ఎక్సెల్‌లో ఒక గడి మారితే దాని మీద ఆధారపడ్డ గడి దానంతటదే మారుతుంది, ఆ అలవాటు కొద్దీ అలా అనుకుంది. ఇక్కడ ఆ సమానం గుర్తుకు 'ఇవి రెండూ ఎప్పటికీ సమానం' అన్న అర్థం లేదు. కుడివైపున్నది ఇప్పుడే లెక్కకట్టి, వచ్చిన విలువకు ఎడమవైపు పేరు తగిలించు అని దాని అర్థం. లెక్కకట్టడం అయిపోయాక ధర ఎటుపోయినా మొత్తానికి తెలీదు. ధర = ధర + 20 అన్న వరుస చూసి లెక్కల మాస్టార్లు ఉలిక్కిపడేదీ ఇక్కడే. లెక్కల్లో అది అసంభవం, ప్రోగ్రాములో రోజూ చేసే పని. ఈ ఒక్క విషయం మీద ఒక పూటంతా గడపండి. మిగతా పుస్తకం సగం దీని మీదే నిలబడి ఉంటుంది.

తెలుగు పేర్ల గురించి ఒక జాగ్రత్త: బస్‌పాస్ లాంటి మాటలో పొల్లు విడిగా కనిపించడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనబడని అక్షరమొకటి దూరుస్తుంది. పైథాన్ దాన్ని ఒప్పుకోదు. ధర, జీతం, అద్దె లాంటి పొల్లు లేని మాటలు వాడుకోండి. కీవర్డులు, అంటే భాష ఇచ్చిన మాటలు, ఎలాగూ ఇంగ్లిష్‌లోనే. ఉద్యోగంలో పదిమంది చదివే కోడుకు పేర్లూ ఇంగ్లిష్‌లోనే పెడతారు. నేర్చుకునే రోజుల్లో మాత్రం, ఏది భాష ఇచ్చిన మాటో, ఏది మనం పెట్టిన పేరో తెలుగు వాడితే చూడగానే తెలిసిపోతుంది. ఇంగ్లిష్ పుస్తకంలో ఈ రెండూ కలగాపులగంగా కనిపించి కొత్తవాళ్లు తడబడతారు.

రోజూ చేసే పని

రోజుకు ముప్పావుగంట చాలు. ఆదివారం ఆరు గంటలు కూర్చుని మిగతా వారం మానేసేకంటే అది మేలు. ఒక ఉదాహరణ చదవండి. పుస్తకం మూసి, గుర్తున్నంత వరకు కొట్టండి. జవాబు ఏం వస్తుందో ముందే నోటుబుక్కులో రాసి, అప్పుడు నడపండి. మీరు రాసిందీ వచ్చిందీ ఒకటే అయితే ముందుకు వెళ్లొచ్చు. తేడా వస్తే ఆ రోజు పాఠం ఆ తేడాయే.

కాపీ చేసి అతికించడం ససేమిరా వద్దు. పీడీఎఫ్ నుంచో వాట్సాప్ నుంచో తెచ్చిన కోడులో కొటేషన్ గుర్తులు కొన్నిసార్లు వంకర తిరిగి ఉంటాయి, వాటిని పైథాన్ గుర్తుపట్టదు. అదలా ఉంచి, మీ వేలు కోలన్ మరిచిపోయినప్పుడే కోలన్ ఎందుకుందో మీకు పట్టుబడుతుంది.

నడిచిన ప్రోగ్రామును చెడగొట్టడం కూడా ఇందులో భాగమే. ఒక కొటేషన్ తీసేయండి. బ్రాకెట్ మూయకండి. వరుస ముందున్న ఖాళీలు చెరిపేయండి. పేరులో ఒక అక్షరం మార్చండి. ఒక్కోదానికి ఏ ఎర్రర్ వస్తుందో నోటుబుక్కులో రాసుకోండి: పేరు తప్పితే నేమ్ ఎర్రర్, ఖాళీలు తప్పితే ఇండెంటేషన్ ఎర్రర్, వ్యాకరణం తప్పితే సింటాక్స్ ఎర్రర్. ఎర్రటి అక్షరాలు చూసి ఐడిల్ విండో మూసేయకండి, చివరి వరుస ముందు చదవండి. అసలు కబురు అక్కడుంటుంది, దాని పైన ఏ వరుసలో జరిగిందో ఉంటుంది. చూపించిన వరుసలో తప్పేమీ కనిపించకపోతే దానికి పై వరుస చూడండి. మూయని బ్రాకెట్ అక్కడ ఉండొచ్చు.

మొదటి నెలలో అందరూ పడే గుంట ఒకటుంది. ఇది కొట్టండి:

'20' + '20'

వచ్చేది 40 కాదు, '2020'. కొటేషన్లలో ఉన్నది సంఖ్య కాదు, అక్షరాలు. వాటి మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతుకుతాయి. కీబోర్డు నుంచి ఇన్‌పుట్ ద్వారా మీరు తీసుకునేది ఎప్పుడూ ఇలా అక్షరాలుగానే వస్తుంది, దాన్ని ఇంట్ అన్న ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చుకోవాలి. అక్కాచెల్లెళ్ల వయసులు కూడితే 2020 వచ్చిందంటే ఈ గుంటలో పడ్డారన్నమాట.

కరెంటు లేని పది రోజులు

లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే వరుసల) దగ్గరకు వచ్చేసరికి చాలామంది పుస్తకం పక్కన పడేస్తారు. నేనూ పడేసినదాన్నే. 2014లో సి పుస్తకంతో మొదలుపెట్టి, లూపులో లూపు దగ్గర ఇరుక్కుపోయాను. అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. కిటికీ అద్దాలు పోయాయి, వీధిలో చెట్లు పడిపోయాయి, మా వీధికి పది రోజులు కరెంటు లేదు. ల్యాప్‌టాప్ రెండో రోజుకే చచ్చిపోయింది. పగలంతా నీళ్ల క్యూ, సాయంత్రం కొవ్వొత్తి. చేసేదేమీ లేక పుస్తకం తీసి, కాగితం మీద గీతలు గీసి, నేనే కంప్యూటర్‌నై ఒక్కో వరుసా నడిపించాను. అప్పుడు వచ్చాయి లూపులు.

ఇంజినీరింగ్ పిల్లలు దీన్నే డ్రై రన్ అంటారు. కాగితం మీద ఒక్కో పేరుకు ఒక్కో నిలువు గడి గీయండి. ప్రోగ్రాములో వరుస నడిచిన ప్రతిసారీ మారిన విలువను ఆ గడిలో కింద రాయండి, పాతది కొట్టేయండి. 1 నుంచి 5 వరకు కూడే లూపు అనుకోండి. మొత్తం గడిలో 0, 1, 3, 6, 10, 15 అని దిగుతూ రావాలి. మీ ప్రోగ్రాం 10 దగ్గరే ఆగిందా? అయితే లూపు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తిరగాలో చెప్పే రేంజ్‌లో 1, 5 అని ఇచ్చారు. పైథాన్ రేంజ్ చివరి సంఖ్యను కలుపుకోదు, 4 దగ్గరే ఆగుతుంది. 5 కూడా కావాలంటే 6 అనాలి. చిరాకు పుట్టించే ఏర్పాటే కానీ, రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే ఎన్నిసార్లు తిరుగుతుందో నేరుగా వచ్చేస్తుంది. ఆరులో ఒకటి పోతే అయిదుసార్లు. ఈ పట్టిక పది ప్రోగ్రాములకు గీశాక ఇక గీయక్కర్లేదు, తలలోనే నడుస్తుంది.

ఇరుక్కుపోతే

ఇరవై నిమిషాలు మీరే తంటాలు పడండి. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ఒకరిని కూర్చోబెట్టి ఒక్కో వరుసా ఏం చేస్తుందో పైకి చెప్పండి. వాళ్లకు అర్థం కానక్కర్లేదు, మా ఆయన చాలాసార్లు నిద్రపోయారు. నాలుగో వరుస చెబుతూండగా తప్పు మీకే దొరుకుతుంది. అప్పటికీ దొరక్కపోతే తెలిసినవాళ్లను అడగండి. ఏఐ చాట్‌బాట్‌ను అడిగినా నేను తప్పుపట్టను, కాకపోతే ఈ ఎర్రర్‌కు అర్థమేంటి అని అడగండి. ప్రోగ్రాం రాసిమ్మని అడిగితే నేర్చుకున్నది అది, మీరు కాదు.

క్లాసులు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు లాంటి అధ్యాయాలు మొదటి విడతలో వదిలేసినా ఏమీ కాదు. లిస్టులు, ఫంక్షన్లు మాత్రం వదలకండి.

సొంత ప్రోగ్రాం

షరతులు పెట్టడం నేర్పే ఇఫ్ అధ్యాయం అవగానే పుస్తకంలో లేనిది ఒకటి రాయాలి. ఇంట్లో ఉన్న లెక్కయితే మంచిది. మేం కరెంటు బిల్లు తీసుకున్నాం. అసలు రేట్లు బిల్లు మీద ఉంటాయి, ముందు మాత్రం ఊహించిన సులువు రేట్లతో మొదలుపెట్టించాను: మొదటి 50 యూనిట్లకు యూనిట్‌కు 2 రూపాయలు, ఆ పైన ప్రతి యూనిట్‌కు 3 రూపాయలు.

మా అక్క కూతురి మొదటి ప్రోగ్రాం 70 యూనిట్లకు 210 చూపించింది. 50 దాటిందని డెబ్బయ్యింటినీ 3 తో గుణించేసింది. మొదటి యాభైకి 100, మిగతా ఇరవైకి 60, మొత్తం 160 రావాలి. దిద్దాక 0, 50, 51, 70 ఇచ్చి చూడమన్నాను. 0, 100, 103, 160 వస్తే సరి. ఏ ప్రోగ్రామునైనా ఇలా గట్టు మీదున్న సంఖ్యలతోనే పరీక్షించాలి. నడిమధ్య సంఖ్యలకు తప్పు ప్రోగ్రాం కూడా కొన్నిసార్లు ఒప్పు జవాబే ఇస్తుంది.

తర్వాత బిల్లు ముందు పెట్టుకుని అసలు స్లాబులు ఎక్కించింది. నడిపితే బిల్లు కన్నా తక్కువ వచ్చింది. "మనదే తప్పా పిన్నీ, వాళ్లదా?" అని గంటసేపు మళ్లీ మళ్లీ కొట్టింది. నేనేమీ చెప్పలేదు. చివరికి బిల్లు తిరగేసి మరగేసి, ఫిక్స్‌డ్ చార్జీలు, ఎలక్ట్రిసిటీ డ్యూటీ అని విడిగా ఉన్న వరుసల మీద వేలు పెట్టి, ఇంకో రెండు పేర్లు కొట్టడం మొదలుపెట్టింది.