ఓఎస్ మార్చాలా, వద్దా? ఇంటి కంప్యూటర్ లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

కంప్యూటర్ మొరాయించగానే "విండోస్ తీసేసి లినక్స్ వేసెయ్", "మ్యాక్ కొంటే ఈ బాధలుండవు" అనే సలహాలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. కొన్నిసార్లు అవి సరైనవే. చాలాసార్లు మాత్రం జబ్బు డిస్కులోనో ర్యామ్‌లోనో ఉంటుంది, మందు ఓఎస్‌కి (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి) వేస్తుంటారు. అందుకే ముందు లక్షణం చూసి కారణం తేల్చుకోవాలి. ఏ ఓఎస్ వేయాలన్నది ఆ తర్వాతి మాట.

ఆన్ చేశాక చాలాసేపటి దాకా ఏదీ తెరుచుకోదు

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి డిస్క్, మెమరీ, సీపీయూ మూడింటినీ ఐదు నిమిషాలు గమనించండి.

డిస్క్ 100 శాతం దగ్గరే ఆగిపోయి, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే ఉంటే, డిస్క్ రకం దగ్గర హెచ్‌డీడీ అని కనిపిస్తే, దోషం విండోస్‌ది కాదు. తిరిగే హార్డ్ డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద, రెండు వందలకు మించి అందుకోలేదు. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేలల్లో అందిస్తుంది. ఈ కంప్యూటర్‌లో లినక్స్ వేస్తే స్టార్ట్ అయ్యే సమయం కొంత తగ్గుతుంది గానీ బ్రౌజర్ తెరవగానే మళ్లీ అదే నత్తనడక. 240 లేదా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయడమే అసలు పరిష్కారం. పాత ల్యాప్‌టాప్‌కు 2.5 అంగుళాల సాటా రకం సరిపోతుంది. ఎం.2 స్లాట్ (చిన్న పలక లాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే చోటు) ఉంటే అది సాటాదా, ఎన్‌వీఎంఈదా అన్నది మాన్యువల్‌లో చూసి కొనాలి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకొకటి పెడితే డిస్క్ అసలు కనిపించకపోవచ్చు.

డిస్క్ మీద పెద్దగా పని లేకుండా మెమరీ 90 శాతం దాటితే కొరత ర్యామ్‌ది. విండోస్ 11కి కనీసం 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ చెప్పినా, సుఖంగా నడవాలంటే 8 కావాలి. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌లోని తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు విండోస్ కన్నా చాలా తక్కువ మెమరీ తీసుకుంటుంది. ఆ మిగులు, 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే బ్రౌజర్ ఏ ఓఎస్‌లోనైనా దాదాపు అంతే మెమరీ మింగుతుంది, ఈ సంగతి ఎవరూ చెప్పరు. ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదని, కొన్ని పలచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుందని గుర్తుంచుకోండి.

మూడో సంగతి: డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్ "కాషన్" అని పసుపు రంగు చూపిస్తే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. పోయే డిస్కు మీద ఏ ఓఎస్ వేసినా వృథా.

"ఈ పీసీ విండోస్ 11కి తగదు" అని వస్తోంది

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఈ సందేశాన్ని పట్టించుకోక తప్పదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ నడిపితే ఏ అంశం దగ్గర ఆగిందో చెబుతుంది. కారణాలు ముఖ్యంగా మూడు.

టీపీఎం 2.0 (తాళం కీలను దాచే భద్రతా చిప్) లేదంటే, చాలా మదర్‌బోర్డుల్లో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్లి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎమ్‌డీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరు వెతికి ఆన్ చేయండి.

సెక్యూర్ బూట్ (నమ్మదగిన ఓఎస్‌నే మొదలవ్వనిచ్చే రక్షణ) లేదంటే, విండోస్ పాత లెగసీ పద్ధతిలో, ఎంబీఆర్ (డిస్కును భాగాలు చేసే పాత పద్ధతి) డిస్కు మీద ఇన్‌స్టాల్ అయి ఉండొచ్చు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఫైళ్లు పోకుండా డిస్కును జీపీటీ అనే కొత్త పద్ధతికి మారుస్తుంది. బ్యాకప్ తీసుకున్నాకే దాన్ని నడపాలి. క్రమం తప్పితే కంప్యూటర్ బూట్ కాదు: ముందు డిస్కును మార్చాలి, ఆ తర్వాతే బయోస్‌లో లెగసీ తీసేసి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి పెట్టాలి.

ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో లేకపోతే బయోస్‌లో సరిచేసేదేమీ ఉండదు. స్థూలంగా ఇంటెల్ 8వ తరం, ఏఎమ్‌డీ రైజెన్ 2000 సిరీస్ నుంచి మొదలవుతుంది జాబితా. అంతకు పాతదైతే దారులివి: విండోస్ 10కి పొడిగింపు భద్రతా అప్‌డేట్లలో నమోదు చేసుకుని 2026 అక్టోబర్ 13 దాకా నెట్టుకురావడం, లేదా లినక్స్‌కి మారడం. రూఫస్ (బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్)తో తనిఖీలు తప్పించి విండోస్ 11 వేసే దారీ ఉంది గానీ, అలాంటి కంప్యూటర్‌కు అప్‌డేట్లు అందుతాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. పైగా 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేని మరీ పాత ప్రాసెసర్లలో అది అసలు మొదలవ్వదు. ఇంట్లో అందరూ ఆధారపడే కంప్యూటర్‌కు ఈ దారి మేం సిఫార్సు చేయం.

పై మార్పుల్లో దేనికైనా ముందు ఒక పని తప్పనిసరి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ (డిస్కులోని ఫైళ్లకు వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. టీపీఎం, సెక్యూర్ బూట్ కదిపిన మరుక్షణం విండోస్ ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే డిస్కులోని ఫొటోలు తిరిగి రావు.

ఏది వేయాలో తేలడం లేదు

ఓఎస్‌ల జాబితా పక్కన పెట్టి, మీరు వాడే ప్రోగ్రాముల జాబితా రాయండి. ఇంట్లో వాళ్లవి కూడా. ఒక్కోదాని పక్కన "బ్రౌజర్‌లో నడుస్తుంది", "బదులు దొరుకుతుంది", "ఇదే కావాలి" అని మూడింట్లో ఒకటి వేయండి. "ఇదే కావాలి" అన్న వరుసే నిర్ణయం చేస్తుంది.

ఆ వరుసలో ఫొటోషాప్, ఆటోకాడ్, మాక్రోలతో నిండిన ఎక్సెల్ ఫైళ్లు ఉంటే లినక్స్ వద్దు, వాటికి లినక్స్ వెర్షన్లు లేవు. ఆటల్లో స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో దొరికేవి చాలావరకు, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ ద్వారా లినక్స్‌లో నడుస్తాయి. వాలరాంట్, ఫోర్ట్‌నైట్ మాత్రం వాటి మోసనిరోధక వ్యవస్థల వల్ల నడవవు. పిల్లలు ఆడేది ఆ రెండింట్లో ఏదైనా అయితే చర్చ అక్కడితో ఆపేయడం మేలు.

ఆ వరుస ఖాళీగా ఉంటే, అంటే పనంతా బ్రౌజర్, ఉత్తరాలు, వీడియోలు, మామూలు డాక్యుమెంట్లే అయితే, లినక్స్ మింట్ 22 నిశ్చింతగా వేసుకోవచ్చు. దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ డెస్క్‌టాప్, 4 అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ రకం కూడా అంతే నమ్మదగినది, కానీ విండోస్ అలవాటైన చేతులకు మింట్ మెనూ త్వరగా అబ్బుతుంది. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌కైతే వీటిలో ఏదీ ఎక్కదు. డెబియన్ కూడా 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది.

గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్కుతో నడుస్తుంది, నిర్వహణ దాదాపు ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో రావు, విండోస్ పక్కన పెట్టుకుని రెండూ వాడే వీలూ లేదు.

మ్యాక్ ఓఎస్ ఆపిల్ కంప్యూటర్లకే కాబట్టి అది కొనేటప్పుడు తేల్చుకోవాల్సిన విషయం. పాతది కొంటున్నారా? ఇంటెల్ ప్రాసెసర్ మ్యాక్‌లకు మ్యాక్ ఓఎస్ 26 టాహోనే ఆఖరు. ఎం1, ఆపైవాటిలో ర్యామ్ తర్వాత పెంచుకోలేరు కాబట్టి కొనేటప్పుడే సరిపడా తీసుకోవాలి.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడం లేదు

సర్వసాధారణ కారణం: ఐఎస్ఓ ఫైలును (డౌన్‌లోడ్ చేసిన ఓఎస్ మొత్తం ఉన్న ఫైలును) పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేయడం. అలా పనిచేయదు. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకుని రూఫస్‌తో గానీ బలేనాఎచర్‌తో గానీ రాయాలి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్ఐ పెట్టండి. 2012కి ముందు కంప్యూటర్లకు ఎంబీఆర్ అవసరం కావచ్చు.

రాసినా బూట్ కాకపోతే డౌన్‌లోడ్‌లోనే తేడా ఉండొచ్చు. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన ఎస్‌హెచ్ఏ256 సంఖ్యతో (ఫైలుకు వేలిముద్ర లాంటిది) మీ ఫైలు సంఖ్యను సరిపోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దింపుకోవాలి. బూట్ మెనూ కోసం ఆన్ చేసిన వెంటనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ మీటల్లో ఒకటి నొక్కుతూ ఉండాలి. ఏదన్నది కంపెనీని బట్టి మారుతుంది.

లినక్స్ పెన్‌డ్రైవ్ తెరుచుకున్నాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. లైవ్‌లోనే, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతూ, వై‑ఫై, శబ్దం, కెమెరా, బ్లూటూత్, స్క్రీన్ వెలుతురు తగ్గించడం, మూత మూసి తెరిస్తే లేవడం, ప్రింటర్ అన్నీ పరీక్షించండి. ఒక గంట పడుతుంది. ఇక్కడ పనిచేయనిది ఇన్‌స్టాల్ చేశాక తనంతట తాను బాగుపడటం అరుదు.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇది తరచు. బయోస్‌లో డిస్క్ కంట్రోలర్ ఆర్‌ఎస్‌టీ, రెయిడ్ లేదా వీఎండీ పద్ధతిలో ఉంటుంది. లినక్స్ కోసం దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. విండోస్‌ను కూడా ఉంచుకోవాలనుకుంటే నేరుగా మార్చకూడదు, మారిస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. అలా రీస్టార్ట్ అవుతుండగానే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టండి. విండోస్ సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకుని కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది. ఆ తర్వాత టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి.

విండోస్ 11 ఇన్‌స్టాలర్‌కే డిస్క్ కనిపించకపోతే బయోస్ కదపాల్సిన పని లేదు. ల్యాప్‌టాప్ కంపెనీ సైటులోని ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, డిస్క్ ఎంచుకునే చోట "లోడ్ డ్రైవర్" నొక్కి చూపిస్తే చాలు.

లినక్స్ వేశాక నల్ల తెర, లేదా వై‑ఫై మాయం

నల్ల తెర ఎక్కువగా ఎన్‌విడియా కార్డులతో వస్తుంది. మింట్ బూట్ మెనూలో కంపాటిబిలిటీ మోడ్, ఉబుంటులో సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుని లోపలికి వెళ్లండి. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి "రెకమెండెడ్" అని ఉన్నది వేయండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే వచ్చే నీలి తెరలో "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. చూడకుండా వదిలేస్తే డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినా పనిచేయదు, కారణమేంటో అంతుబట్టదు.

వై‑ఫై కనిపించకపోతే చాలావరకు బ్రాడ్‌కామ్ చిప్. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, అదే డ్రైవర్ మేనేజర్‌తో డ్రైవర్ దింపుకోవచ్చు.

రెండు ఓఎస్‌లు పెట్టాక టైమ్ తప్పుతోంది, డిస్కులో రాయనివ్వడం లేదు

మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది. అందుకే ఒకదాని నుంచి ఇంకొకదానికి మారినప్పుడల్లా మీ ప్రాంతానికీ యూటీసీకీ ఉన్నంత తేడా వస్తుంది. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశానికి సెట్‑లోకల్‑ఆర్‌టీసీ అనే ఎంపిక ఉంది. దానికి 1 విలువ ఇస్తే రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. టైమ్ తేడాతో పాటు తేదీ కూడా పాత సంవత్సరానికి పోతుంటే అది వేరే సంగతి: బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది.

విండోస్ డ్రైవ్‌లో లినక్స్ రాయలేకపోవడానికి కారణం ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ చేశామనుకుంటాం గానీ విండోస్ సగం నిద్రలో ఉండి డ్రైవ్‌ను తన చేతిలోనే పెట్టుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "పవర్ బటన్లు ఏం చేయాలి" అన్న చోట దాన్ని తీసేయండి. బలవంతంగా రాసే చిట్కాల జోలికి పోవద్దు, ఫైళ్లు చెడతాయి.

డాక్యుమెంట్ల అమరిక చెదిరిపోతోంది

లినక్స్‌లో ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌ను తిట్టే ముందు ఫాంట్ చూడండి. క్యాలిబ్రి, క్యాంబ్రియా లినక్స్‌లో ఉండవు. వాటి కొలతలకే సరిపోయే కార్లిటో, క్యాలడియా వేస్తే పేజీలు చాలావరకు దారికొస్తాయి. గౌతమి, నిర్మలా యూఐతో చేసిన తెలుగు ఫైళ్లకు నోటో సాన్స్ తెలుగు వాడొచ్చు, కానీ కొలతలు వేరు కాబట్టి పంక్తులు కొంచెం జరుగుతాయి. అవతలివాళ్లకు చదవడానికే అయితే పీడీఎఫ్ చేసి పంపండి.

మార్చాక నచ్చలేదు, పాతదే కావాలి

విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు సెట్టింగ్స్‌లోని రికవరీలో "గో బ్యాక్" మామూలుగా 10 రోజులే ఉంటుంది. ఈలోగా డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్ ఫోల్డర్ చెరిపేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. లినక్స్ నుంచి విండోస్‌కి తిరిగి రావాలంటే మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసుకుని, ఇంతకుముందు ఉన్న ఎడిషన్నే వేయండి. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, కీ అడిగిన చోట "నా దగ్గర లేదు" అని దాటేసినా నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్న కంప్యూటర్‌లో ప్రో వేస్తే అవ్వదు. అందుకే పాత విండోస్‌ను చెరిపే ముందు సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి ఎడిషన్ పేరు రాసిపెట్టుకోండి.