ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ కటకటమంటోందా? ఖరీదైన పెట్రోల్ పోయించే ముందు ఇవి చూడండి

శ్రీశైలం డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నారు. బండి నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. యాక్సిలరేటర్ తొక్కగానే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. ఇదే నాకింగ్. ఎవరిని అడిగినా ఒకటే సలహా వస్తుంది: "హండ్రెడ్ పెట్రోల్ కొట్టించు, సెట్ అయిపోతది." చప్పుడు ఆగొచ్చు కూడా. కానీ చాలాసార్లు అసలు లోపం అలాగే ఉండిపోయి, ట్యాంకు నింపిన ప్రతిసారీ జేబుకు చిల్లు పడుతుంది.

లోపల జరిగేది ఇది. ప్లగ్గు దగ్గర మొదలైన మంట సిలిండర్‌లో అటు చివరి దాకా పాకాలి. అది చేరేలోపే చివర మిగిలిన గాలి, పెట్రోల్ ఆవిరి వేడికి, ఒత్తిడికి తమంతట తామే భగ్గుమంటే ఒత్తిడి తరంగాలు పుట్టి గోడలను కొడతాయి. మనకు వినిపించేది ఆ దెబ్బలే. అలా ముందే అంటుకోకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ నంబర్. అది బలానికి కొలత కాదు. నాకింగ్ లేని మామూలు కమ్యూటర్ బైక్‌లో 100 ఆక్టేన్ పోస్తే అదనంగా వచ్చేదేమీ ఉండదు.

ముందు తేల్చాల్సింది: అది నాకింగేనా?

బండిని న్యూట్రల్‌లో పెట్టి రేజ్ చేయండి. అప్పుడూ అదే చప్పుడు వస్తే ట్యాపెట్లు, టైమింగ్ చైన్, వదులైన సైలెన్సర్ రేకు లాంటివి అనుమానించాలి. నాకింగ్ బరువు పడినప్పుడు వస్తుంది, యాక్సిలరేటర్ కాస్త వదలగానే పోతుంది. పొద్దున చల్లటి ఇంజిన్‌లో వినిపించి, వేడెక్కాక తగ్గితే అది పిస్టన్ చప్పుడు కావచ్చు. ధన్ ధన్‌మని బరువుగా కొడుతుంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతోందేమో. అక్కడే ఆపేయండి, నడపొద్దు. డీజిల్ ట్రాక్టర్ కొట్టుకుంటుంటే ఆక్టేన్‌తో పనే లేదు, అక్కడ చూసేది సీటేన్, అంటే డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె.

ఎత్తు మీద, టాప్ గేర్‌లోనే వస్తోంది

కారణం ఎక్కువగా మన కాలు, చెయ్యే. వేగం పడిపోయాక కూడా టాప్ గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ నొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఇంజిన్ మెల్లగా తిరగడం వల్ల మిశ్రమం తనంతట అంటుకోవడానికి సమయమూ దొరుకుతుంది. గేరు తగ్గించండి, ఇంజిన్‌ను తిరగనివ్వండి. బైక్ మీద ముగ్గురు ఎక్కి నాలుగో గేరులో లాగుతుంటే ఏ పెట్రోలూ కాపాడలేదు.

ఆక్టేన్ కొలతే ఇలాంటి ఎత్తు రోడ్డు మీద మారింది. 1926లో అమెరికా రసాయన శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గర్, నాకింగ్‌ను బాగా తట్టుకునే ఐసో-ఆక్టేన్ అనే ద్రవానికి 100, అసలు తట్టుకోలేని నార్మల్ హెప్టేన్‌కు 0 అని స్కేలు ప్రతిపాదించాడు. తర్వాత కంప్రెషన్ (మిశ్రమాన్ని ఎంత గట్టిగా నొక్కాలన్నది) మార్చుకోగల, సీఎఫ్ఆర్ అనే ఒంటి సిలిండర్ పరీక్ష ఇంజిన్ మీద ఇంధనాలను పరీక్షించడం మొదలైంది. 1932లో అమెరికాలోని యూనియన్‌టౌన్ కొండ రోడ్డు మీద కార్లు ఎక్కించి చూస్తే, ల్యాబ్ చెప్పినంత బాగా కొన్ని పెట్రోళ్లు తట్టుకోలేదు. అందుకే ఇంకా కఠినమైన మోటార్ పద్ధతి వచ్చింది. ఇప్పుడు వాడే రెండో కొలత రీసెర్చ్ పద్ధతి, అందులో పరీక్ష ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది. మోటార్ పద్ధతిలో 900 చుట్లు, లోపలికి వెళ్లే మిశ్రమం వేడి 149 డిగ్రీల సెల్సియస్. బంకులో మనం చూసే 95, 100 అంకెలు రీసెర్చ్ పద్ధతివి. బీఎస్-6 ప్రమాణం వచ్చినప్పుడు మామూలు పెట్రోల్‌కు అది కనీసం 91, మోటార్ పద్ధతిలో కనీసం 81గా పెట్టారు. వేడిలో, బరువుతో నడిచే బండికి మోటార్ పద్ధతి అంకే దగ్గర.

ఎండాకాలం మధ్యాహ్నం మాత్రమే వస్తోంది

మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్లే గాలే వేడిగా ఉంటే నాకింగ్ హద్దు దగ్గరికి వస్తుంది. కానీ అదే మోడల్ కార్లు అదే రోడ్డు మీద మామూలుగా పోతుంటే, మీ బండికి చల్లదనం అందడం లేదని అర్థం. రేడియేటర్ ముందు వంగి టార్చ్ వేసి చూడండి. పత్తి బండ్ల వెనక తిరిగిన కారైతే రెక్కల మధ్య దూది పీచు, దుమ్ము, చచ్చిన పురుగులు కలిసి మెత్తటి చాపలా అతుక్కుని కనిపిస్తాయి. ఇంజిన్ చల్లారాక లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టాలి. కూలెంట్ మట్టం, ఫ్యాన్, థర్మోస్టాట్ కూడా చూపించండి. పొలాల్లో తిరిగే బైకులకు సిలిండర్ రెక్కల మధ్య బురద ఎండి గట్టిపడుతుంది. వెదురు పుల్లతో గీకి కడిగితే చాలు.

పాత బండికి కొత్తగా మొదలైంది

కార్బన్. పిస్టన్ తల మీద, వాల్వుల మీద పేరుకుని కంప్రెషన్ పెంచుతుంది, నిప్పులా వేడెక్కి కూర్చుంటుంది. ఆయిల్ తాగే ఇంజిన్‌లో ఇది త్వరగా వస్తుంది. కార్బన్ తీయించి రింగులు, వాల్వ్ సీళ్లు చూడకపోతే మళ్లీ పేరుకుంటుంది.

పెట్రోల్ పోయించినప్పటి నుంచే

ఊళ్లలో సీసాల్లో అమ్మే పెట్రోల్‌లో కిరోసిన్ కలిసి ఉంటే నాకింగ్ ఖాయం, దాని ఆక్టేన్ చాలా తక్కువ. బంకులో ఫిల్టర్ పేపర్ అడిగి తీసుకోండి, ఇవ్వాలి. చుక్క వేస్తే ఆరిపోయి, మరక మిగలకూడదు. ఇథనాల్ ఆక్టేన్ దాదాపు 108, కాబట్టి ఇథనాల్ కలపడం వల్ల నాకింగ్ పెరగదు. ట్యాంకులోకి నీళ్లు దిగితే మాత్రం ఇథనాల్ నీటితో కలిసి అడుగుకు చేరుతుంది, పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ పడిపోతుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించడమే మార్గం.

చప్పుడు లేదు, పికప్ పడిపోయింది

కొత్త కార్లలో నాక్ సెన్సర్ చప్పుడు పట్టుకుని, కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ను (ప్లగ్గు నిప్పు రాజేసే సమయాన్ని) వెనక్కి జరుపుతుంది. మీకు వినిపించదు, మైలేజీ మాత్రం తగ్గుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కాన్ చేయించండి. సెన్సర్ వైరును ఎలుక కొరికిందేమో చూడమనండి, షెడ్డుల్లో పెట్టే కార్లకు ఇది మామూలే.

గ్యాస్ కిట్ ఉన్న కారు పెట్రోల్ మీదే కొడుతోంది

కిట్ పెట్టినప్పుడు గ్యాస్ కోసం స్పార్క్ టైమింగ్ ముందుకు జరిపి అలాగే వదిలేసి ఉండొచ్చు. కిట్ పెట్టినవాళ్ల దగ్గరే సరిచేయించండి.

ఇవన్నీ చూశాక, మీరు పోయించే దానికంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోల్‌తో పరీక్ష చేయండి. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక నింపి, అదే ఎత్తు అదే గేరులో ఎక్కండి. చప్పుడు పోతే అది నాకింగే, ఇంజిన్ అడిగే ఆక్టేన్ పెరిగిందన్నమాట. పోకపోతే మళ్లీ కూలింగ్, టైమింగ్, ప్లగ్గు వైపు రండి. మాన్యువల్‌లో 95 అని రాసి ఉన్న బండికి మాత్రం ఎప్పుడూ అదే పోయించాలి.

చివరగా ప్లగ్గులు విప్పించి పింగాణీని ఎండలో పట్టుకుని చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు ఉంటే నాకింగ్ కొంతకాలంగా నడుస్తోంది. వాటి మధ్య సన్నటి వెండి గోళీలు మెరుస్తుంటే అది పిస్టన్ అల్యూమినియం కరిగి అంటింది. ఆ బండిని నడిపి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, ట్రాలీ ఎక్కించండి.