పాత పాలసీతో కలుషిత స్థలాల శుద్ధి – మూడో పాఠం: పాలసీ కాగితం పోయినప్పుడు

ముందు పాఠాల నుంచి రెండు సంగతులు గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం. అమెరికాలో కలుషిత స్థలాల శుద్ధి కోసం 1980 డిసెంబరులో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం, ఆ తేదీకి ముందు జరిగిన కాలుష్యానికి కూడా బాధ్యత మోపుతుంది. కలుషితం చేసినవాళ్లతో పాటు ఇప్పటి స్థల యజమాని కూడా దాని పరిధిలోకి వస్తారు. రెండోది, 1966లో రూపుదిద్దుకున్న ప్రామాణిక జనరల్ లయబిలిటీ పాలసీ (వ్యాపారం వల్ల ఇతరులకు కలిగే నష్టానికి తీసుకునే బీమా) చూసేది నష్టం ఎప్పుడు జరిగిందని. క్లెయిమ్ ఎప్పుడు వచ్చిందన్నది దానికి ముఖ్యం కాదు. అందుకే గడువు ఎప్పుడో తీరిన పాలసీ కూడా ఈ రోజుకీ బదులు చెప్పాల్సి రావచ్చు.

ఇక అసలు చిక్కు: పాలసీ ఉండేదని తెలుసు, కాగితం మాత్రం లేదు. చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. దయచేసి వదులుకోకండి. కాగితం పోయినంత మాత్రాన హక్కు పోదు. అసలు పత్రాన్ని దురుద్దేశంతో పోగొట్టుకోనంత వరకు, అందులో ఏముందో వేరే ఆధారాలతో రుజువు చేయడానికి ఫెడరల్ సాక్ష్య నియమాల్లోని 1004వ నియమం దారి ఇస్తుంది. అందులోనే 803(16) నియమం మరో మేలు చేస్తుంది. 1998 జనవరి 1కి ముందు తయారై, నిజమైనవేనని తేలిన పత్రాల్లోని మాటలను సాక్ష్యంగా తీసుకోవచ్చంటుంది. మనకు దొరికే పాత లెడ్జర్లు, ఉత్తరాలు దాదాపు అన్నీ ఆ తేదీకి ముందువే. రాష్ట్ర కోర్టులకు తమ నియమాలు ఉంటాయి, కానీ పోయిన పాలసీని ఇతర ఆధారాలతో నిరూపించడం అక్కడా కొత్తేమీ కాదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 1962 నుంచి 1984 దాకా నడిచిన ఒక డ్రై క్లీనింగ్ దుకాణం. యంత్రం కింద నేల పగుళ్లలోంచి బట్టల శుభ్రతకు వాడే పెర్క్ అనే ద్రావకం ఏళ్ల తరబడి దిగింది. పెర్క్ నీటికంటే బరువైనది కాబట్టి భూగర్భజలం పైభాగంలో ఆగకుండా ఇంకా లోతుకు పోతుంది, శుద్ధి ఖర్చు అంత పెరగడానికి అదొక కారణం. వ్యాపారం నడిపిన తండ్రి ఇప్పుడు లేరు. స్థలం కూతురి చేతికి వచ్చింది, ఆ వెంటే ప్రభుత్వ నోటీసూ వచ్చింది. ఆమె దగ్గర ఒక్క పాలసీ లేదు.

ఆమె మొదట వెతకాల్సింది పాలసీని కాదు, తండ్రి బీమా ఉందని ఎవరెవరికి చూపించాల్సి వచ్చిందో ఆ మనుషుల్ని. దుకాణం అద్దెదైతే భవన యజమాని బీమా ధ్రువపత్రం అడిగి ఉంటారు. అప్పిచ్చిన బ్యాంకు అడిగి ఉంటుంది. సైనిక స్థావరానికో ఆసుపత్రికో బట్టలు ఉతికే కాంట్రాక్టు ఉంటే వాళ్ల ఫైల్లోనూ ఒక ప్రతి ఉండొచ్చు. ఆ తర్వాత ప్రీమియం కట్టిన చెక్కులు, లెడ్జర్లు, అకౌంటెంట్ దగ్గరి కాగితాలు. ఆ ఊళ్లో బీమా ఏజెంటు ఎవరు, ఆ ఏజెన్సీని తర్వాత ఎవరు కొన్నారు? ఎప్పుడో ఎవరో జారిపడి దావా వేసి ఉంటే, ఆ దావాలో తండ్రి తరఫున లాయరును పెట్టింది ఏ కంపెనీయో కోర్టు ఫైలు చెప్పేస్తుంది.

నేను ఎక్కువ విలువిచ్చేది అంబ్రెల్లా పాలసీకి, అంటే మామూలు పాలసీ పరిమితి దాటిన నష్టానికి దాని పైన తీసుకునే పాలసీకి. అది ఒక్కటి దొరికితే చాలు, దాని షెడ్యూలులో కింది పాలసీ కంపెనీ పేరు, కాలం, పరిమితి రాసి ఉంటాయి, చాలాసార్లు పాలసీ నంబరుతో సహా.

పాలసీలోని షరతులు ఎలా నిరూపించాలి? ఆ రోజుల్లో కంపెనీలు ఎక్కువగా వాడినవి ఒకే అచ్చు ఫారాలు. కంపెనీ, సంవత్సరం తేలితే ఏ ఫారం వాడి ఉంటారో నిపుణులు నమూనా ప్రతితో చూపగలరు. ఈ వెతుకులాటనే వృత్తిగా చేసేవాళ్లున్నారు, వాళ్లను ఇన్సూరెన్స్ ఆర్కియాలజిస్టులంటారు.

కంపెనీ పేరు ఇప్పుడు ఎక్కడా కనిపించకపోతే కంగారు పడొద్దు. ఉదాహరణకు, ఐఎన్‌ఏ అనే పాత బీమా కంపెనీ 1982లో మరో కంపెనీతో కలిసి సిగ్నా అయింది. సిగ్నా ఆస్తి, ప్రమాద బీమా వ్యాపారాన్ని 1999లో ఏస్ కొన్నది, ఏస్ 2016లో చబ్ పేరు తీసుకుంది. ఇలా ప్రతి పేరునూ ఇప్పటిదాకా అనుసరించాలి. దివాలా తీసిన కంపెనీ అయితే, అలాంటి కంపెనీల క్లెయిములను కొంత మేర చెల్లించే రాష్ట్ర గ్యారంటీ ఫండ్‌ను అడిగి చూడాలి.

దొరికిన ఏళ్లన్నీ ఒకే విలువ చేయవు. 1986 ప్రామాణిక ఫారంలో కాలుష్యాన్ని బీమా రక్షణ నుంచి దాదాపు పూర్తిగా తీసేశారు, కనుక అంతకు ముందు ఏళ్ల మీదే దృష్టి పెట్టండి. 1973 ఫారంలో 'ఆకస్మికంగా, ప్రమాదవశాత్తూ' వెలువడిన కాలుష్యానికే రక్షణ ఉంది. ఏళ్ల తరబడి కారిన ద్రావకం అందులోకి వస్తుందా అన్నదానిపై రాష్ట్రాల సుప్రీంకోర్టులు చీలిపోయాయి. 1993లోనే ఫ్లోరిడా కోర్టు బీమా కంపెనీల వైపు మొగ్గితే, న్యూజెర్సీ కోర్టు మోర్టన్ కేసులో పాలసీదారుల పక్షాన నిలిచింది. 1970కి ముందు పాలసీల్లో సాధారణంగా కాలుష్యాన్ని ఇలా రక్షణ నుంచి తప్పించే మినహాయింపే ఉండదు. మన ఉదాహరణలో 1962 నుంచి 1969 దాకా దొరికే ప్రతి ముక్కా అందుకే అమూల్యం.

పరిమితి చిన్నదని ఏ పాలసీనీ పక్కన పడేయకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. పాత పాలసీల్లో సాధారణంగా వాదనా ఖర్చులు, అంటే దావాలో మన తరఫున వాదించడానికి కంపెనీ పెట్టే ఖర్చులు, పరిమితికి అదనం. నేల, నీటి పరీక్షల ఖర్చును కూడా వాదనా ఖర్చుగానే చూసిన కోర్టులున్నాయి. అయితే ప్రభుత్వ నోటీసు దావాతో సమానమా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1998లో తీర్పిచ్చింది.

ఈసారి అభ్యాసం: వ్యాపారం నడిచిన ప్రతి ఏడాదికీ ఒక వరుస గీయండి. కంపెనీ, పాలసీ నంబరు, కాలం, పరిమితి, ఆధారం ఎక్కడ దొరికింది అన్నవి గళ్లు. తెలియని గడిని ఊహతో నింపకండి, ఖాళీగానే ఉంచి ఎవరిని అడగాలో పక్కన రాయండి. పట్టిక పూర్తయ్యేదాకా బీమా కంపెనీకి సమాచారం ఇవ్వకుండా ఆగొద్దు, ఆలస్యమే వాళ్ల చేతికి సాకు కావచ్చు. ఆ ఉత్తరం ఎలా రాయాలో నాలుగో పాఠంలో.