కౌమార వయస్కులకు పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి ఇచ్చేముందు జాగ్రత్తలు

తొమ్మిది ప్రశ్నలున్న ఈ ప్రశ్నావళి గత 2 వారాల కుంగుబాటు లక్షణాలను కొలుస్తుందే తప్ప వ్యాధిని నిర్ధారించదు కాబట్టి, 27కు 10 లేదా అంతకు మించి స్కోరు వచ్చినంత మాత్రాన ఏ బిడ్డకూ ‘డిప్రెషన్’ అని పేరు పెట్టకూడదు.

తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల సమ్మతినీ తీసుకోవాలి. పక్కవారు తొంగిచూసే వీలున్న చోట కూర్చోబెట్టకూడదు. నిద్ర, ఏకాగ్రత గురించి కూడా అడుగుతారు గనుక పరీక్షల రోజులను తప్పించడం మంచిది.

ప్రశ్నావళి తెలుగు అనువాదాన్ని ముందుగా ఇద్దరు ముగ్గురు పిల్లల చేత చదివించి చూడాలి. ‘నిరాసక్తత’ అంటే తెలియని పిల్లవాడు ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేస్తాడు, అదే ‘ఏ పని మీదా మనసు పోకపోవడం’ అంటే వెంటనే గ్రహిస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది 9వ ప్రశ్న. చనిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో వచ్చే ఆలోచనల గురించి అడిగే ఆ ప్రశ్నకు ‘అసలు లేదు’ కాక మరే జవాబు వచ్చినా, మొత్తం స్కోరు ఎంత తక్కువగా ఉన్నా సరే, ఆ రోజే బిడ్డతో విడిగా మాట్లాడే నిపుణులెవరో, ఆపై ఎక్కడికి పంపాలో ముందే ఖరారు చేసుకోవాలి. ఆ ఏర్పాటు లేనప్పుడు ప్రశ్నాపత్రాలు పంచకపోవడమే మేలని నా దృఢాభిప్రాయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరును మాత్రం, జవాబులతో నిమిత్తం లేకుండా, పిల్లలందరికీ రాసి ఇవ్వాలి.