జెనీవా కమిటీకి మన ఊరి మహిళల నివేదిక రాసే పద్ధతి

మహిళలపై అన్ని రకాల వివక్షనూ నిర్మూలించాలన్న అంతర్జాతీయ ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబరు 18న ఆమోదించింది. సీడా అని పిలిచే ఈ ఒప్పందాన్ని మన దేశం 1993 జులై 9న ధ్రువీకరించింది. ధ్రువీకరించిన ప్రతి ప్రభుత్వమూ నాలుగేళ్లకోసారి నివేదిక ఇవ్వాలి. జెనీవాలో సమావేశమయ్యే 23 మంది నిపుణుల కమిటీ ఆ నివేదికపై ప్రభుత్వ ప్రతినిధులను ప్రశ్నిస్తుంది. 2014 జులైలో మన దేశం అలా సమాధానం చెప్పింది. స్వచ్ఛంద సంఘాలు విడిగా పంపే నివేదికలను కూడా కమిటీ పరిశీలిస్తుంది కనుక, శ్రీకాకుళం జిల్లాలోని ఒక చిన్న మహిళా సంఘం కూడా ఈ పనికి పూనుకోవచ్చు.

మొదట ఒక్క సమస్యనే ఎంచుకోవాలి. అన్ని కష్టాలనూ ఒకే కాగితంలో కుక్కితే ఏదీ కమిటీ దృష్టిలో నిలవదు. ఉదాహరణకు పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే మహిళల చేతులను జీడినూనె కాలుస్తుంది. ఈ విషయాన్ని దయ చూపమనే విన్నపంలా రాయకుండా, ఒప్పందంలోని 11వ అధికరణం హామీ ఇచ్చిన ఆరోగ్య రక్షణకూ సమాన వేతనానికీ ముడిపెట్టి రాయాలి. గ్రామీణ మహిళల కోసమే ఉన్న 14వ అధికరణాన్నీ పక్కన చేర్చాలి.

సాక్ష్యం సేకరించడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది, విలువైనది కూడా. పని వేళలో వెళ్లి కూలి పోగొట్టకుండా, సాయంత్రం ఇంటి దగ్గర, యజమాని మనుషులు లేనప్పుడు మాట్లాడాలి. తేదీ అడిగితే చాలామంది చెప్పలేకపోవచ్చు. అప్పుడు తిత్లీ తుఫానుకు ముందా తరువాతా అని అడిగితే 2018 అక్టోబరు గుర్తుకు తెచ్చుకుంటారు. విజయనగరం వైపు అయితే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని ఆనవాలుగా పెట్టుకోవచ్చు. “సేతులు పొక్కిపోతన్నాయి” అని ఒకామె చెబితే దాన్ని పుస్తక భాషలోకి మార్చకుండా ఉన్నదున్నట్టే రాసుకోవాలి. అనువాదం తరువాతి పని. కిలోకు ఎంత ఇస్తారు, రోజుకు ఎన్ని కిలోలు కొడతారు, వైద్యానికి ఎంత ఖర్చయింది అన్నవి తప్పక అడగాలి.

ఆ మాటలకు అధికారిక లెక్కలు తోడుండాలి. సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం ఏర్పడే జిల్లా స్థాయి కమిటీకి ఎన్ని ఫిర్యాదులు అందాయో కూడా అడగండి, ఎందుకంటే పదిమంది కన్నా తక్కువ పనివారున్న చోట వేధింపులకు గురైన మహిళకు ఆ కమిటీయే దిక్కు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలను వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. 2019-21 సర్వే నాటి శ్రీకాకుళం జిల్లాలో పాలకొండ, రాజాం ఉన్నాయి, విజయనగరంలో పార్వతీపురం ఉంది. 2022 ఏప్రిల్ 4న హద్దులు మారాయి. ఆ సంగతి రాయకుండా పాత అంకెను నేటి జిల్లాకు అంటగడితే నివేదిక మొత్తంపైనే నమ్మకం పోతుంది.

సిఫార్సులు రాసేటప్పుడు “మహిళలను ఆదుకోవాలి” వంటి మాటలు పనికిరావు. చేతి తొడుగులు ఎవరు ఇవ్వాలి, తనిఖీ ఏ శాఖ చేయాలి, ఎంత గడువులో చేయాలి అన్నది స్పష్టంగా ఉండాలి. నివేదికను ఇంగ్లిషులోకి తెచ్చి, కమిటీ ప్రకటించిన గడువులోగా, నిర్దేశించిన నిడివిలో పంపాలి.

పంపే ముందు సాక్ష్యం చెప్పిన ప్రతి మహిళకూ తెలుగులో చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నదే ఉంచాలి. నివేదికలు అందరికీ కనబడతాయి కనుక పేరు, ఊరు తీసేయాలి. చిన్న ఊళ్లో పిల్లల సంఖ్య చెప్పినా మనిషిని గుర్తుపట్టగలరు. ఈ కమిటీ న్యాయస్థానం కాదని, మన దేశం వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే అదనపు ఒడంబడికలో చేరలేదని ముందే చెప్పడం మన బాధ్యత. లేకపోతే ఆమె తన కేసు తేలుతుందని ఎదురుచూస్తుంది.

సమీక్ష ముగిశాక కమిటీ తన అభిప్రాయాలను ప్రకటిస్తుంది. వాటిలో మన సమస్యకు సంబంధించిన పేరాలను తెలుగులో రాసి, ఒక ప్రతిని సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టరుకు అర్జీగా ఇచ్చి రసీదు తీసుకోండి, మరొకటి సంఘం సమావేశంలో చదవండి.