మోన్ సాన్ మిషెల్ వెళ్లాలంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి

మోన్ సాన్ మిషెల్ అంటే ఫ్రాన్స్‌లో నార్మండీ తీరాన, చుట్టూ కోటగోడ, పైన పాత క్రైస్తవ మఠం ఉన్న కొండ. అక్కడికి బయల్దేరేవాళ్లు మొదట రైలు టికెట్లు కొని, తర్వాత హోటల్ వెతుకుతారు. ఈ రెండింటికంటే ముందు చూడాల్సింది ఆటుపోట్ల పట్టిక. పెద్ద పోటు రోజుల్లో ఇక్కడ నీటిమట్టం 14 మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. చిన్న పోటు రోజుల్లో సముద్రం కొండ దాకా రానేరాదు. అలాంటి రోజు వెళ్తే ఫొటోల్లోని ద్వీపం బదులు బురద ఇసుక మధ్య కొండ కనిపిస్తుంది.

పట్టికలో ప్రతి పోటుకీ, అది ఎంత పెద్దదో చెప్పే అంకె ఒకటి 20 నుంచి 120 లోపు ఉంటుంది. 70 అంటే మామూలు పోటు. 90 దాటితే నీళ్లు కొండను చేరతాయి. 110 దాటితే వంతెన చివరి భాగం కూడా మునిగి, కాసేపు రాకపోకలు ఆగిపోతాయి. ఆ సమయంలో లోపల ఉండాలో బయట ఉండాలో ముందే తేల్చుకోండి. పట్టిక దొరక్కపోతే పంచాంగం కొంత దారి చూపిస్తుంది. పెద్ద పోట్లు సరిగ్గా అమావాస్య, పౌర్ణమి నాడు కాకుండా, ఒకటిన్నర రోజు ఆలస్యంగా, అంటే విదియ అటూ ఇటూగా వస్తాయి. ఏడాదిలోకెల్లా పెద్దవి మార్చి, సెప్టెంబరు నెలల్లో. పోటు గరిష్ఠానికి రెండు గంటల ముందే కోటగోడ ఎక్కండి. అసలు చూడాల్సింది నీళ్లు నిండాక కాదు, నిండుతున్నప్పుడు.

పారిస్‌లోని మోన్‌పర్నాస్ స్టేషన్ నుంచి రెన్ నగరానికి టీజీవీ (వేగపు రైలు), అక్కణ్నుంచి గంటకు పైగా బస్సు. కారు పార్కింగ్ కొండకు రెండున్నర కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోతుంది. షటిల్ బస్సు ఉచితం. నడిస్తే 40 నిమిషాలు. ఓపికుంటే నడవడమే మేలు. 1879లో కట్టిన గట్టు నీటి దారికి అడ్డుపడి మేట పెంచింది. దాన్ని తీసేసి, కింద నీళ్లు పారేలా 2014లో ఈ వంతెన తెరిచారు. క్వెనోన్ నది ఆనకట్ట పోటు నీటిని ఆపి, ఆటు వేళ వదిలి మేటను కడిగేస్తుంది.

ద్వారం దగ్గరున్న రెండు పెద్ద ఫిరంగులు 1434లో ఇంగ్లీషు సైన్యం వదిలేసి పోయినవి. ఫ్రాన్స్, ఇంగ్లండ్‌ల మధ్య సాగిన నూరేళ్ల యుద్ధంలో ఈ కొండ ఒక్కసారి కూడా వాళ్ల చేతికి చిక్కలేదు. మధ్యాహ్నం పూట ప్రధాన వీధిలో కాలు పెట్టే చోటు ఉండదు, కోటగోడ మీదుగా ఎక్కండి. మఠం దాకా 350 మెట్లు పైనే. చక్రాల సూట్‌కేసుతో రావద్దు.

మఠంలో దారి పైనుంచి కిందికి సాగుతుంది. చర్చి ముందున్న విశాలమైన వసారాను చూసి చాలామంది అది సముద్రాన్ని చూడ్డానికి కట్టిందనుకుంటారు. నిజానికి అది చర్చి పోయిన చోటు: ఏడు అంకణాల్లో మూడింటిని 1776లో కూల్చేశారు. ఉత్తరాన ఉన్న ‘లా మెర్వెయ్’ 13వ శతాబ్దం మొదట్లో కట్టిన మూడంతస్తుల కట్టడం. కింద ధాన్యపు కొట్లు, దానధర్మాల గది. నడుమ అతిథుల సాల, రాతల సాల. పైన భోజనశాల, స్తంభాల నడవా. కొండవాలు మీద బరువు తగ్గించడానికి పైకి పోయేకొద్దీ స్తంభాలు సన్నబడతాయి. గది గదికీ ఇది పోల్చి చూడండి. దిగే దారిలో కనిపించే భారీ చక్రం జైలు నాటిది. 1793 నుంచి 1863 దాకా ఈ మఠం చెరసాల. ఖైదీలు ఆ చక్రం లోపల నడుస్తుంటే సరుకులు పైకొచ్చేవి. జనవరి 1, మే 1, డిసెంబరు 25న మఠం మూసి ఉంటుంది.

ఇసుక మీద నడవాలనుంటే గుర్తింపు ఉన్న గైడుతోనే వెళ్లండి. ఊబికంటే పెద్ద ప్రమాదం, మీరు ముందుకు చూస్తుండగా వెనక పాయలు నిండి తీరానికి దారి తెగిపోవడం. కాలు దిగబడితే పైకి గుంజకండి. వెనక్కి వాలి, పాదాన్ని మెల్లగా అటూ ఇటూ కదిలిస్తే ఇసుకలోకి నీరు చేరి పట్టు వదులుతుంది.