పరిశోధన అవార్డుకు దరఖాస్తు చేయడం ఎలా?

కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లోనూ, హన్మకొండ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లోనూ మంచి పరిశోధన చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. థీసిస్ రాస్తారు, వైవా అవుతుంది, థీసిస్‌లను ఆన్‌లైన్‌లో దాచే శోధ్‌గంగలోకి ఎక్కుతుంది, అంతటితో సరి. వృత్తి సంఘాలు ఇచ్చే అవార్డులకు పంపమంటే ‘మనకెవరిస్తారు సార్’ అంటారు. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఎలా అడగాలో వరుసగా చూద్దాం.

ముందు సంఘాన్ని ఎంచుకోండి

అవార్డు పేరు కంటే ముందు, మీ పని ఎవరికి పనికొస్తుందో చూడండి. గణితానికి 1907లో మొదలైన ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ, అర్థశాస్త్రానికి 1917 నాటి ఇండియన్ ఎకనామిక్ అసోసియేషన్, రసాయనశాస్త్రానికి 1924 నాటి ఇండియన్ కెమికల్ సొసైటీ ఉన్నాయి. ఇంజినీరింగ్ అధ్యాపకులకు ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్ (ఐఎస్‌టీఈ) తెలిసిందే. కాలేజీ చదువుల మీదే పరిశోధన చేసినవాళ్లు మన దేశంలో కంపారెటివ్ ఎడ్యుకేషన్ సొసైటీ ఆఫ్ ఇండియాను, అమెరికాలో అసోసియేషన్ ఫర్ ది స్టడీ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్‌ను చూడాలి. ఈ రెండో సంఘం బాబీ రైట్ పేరుతో ఉత్తమ థీసిస్‌కు అవార్డు ఇస్తుంది.

ఏ సంఘమైనా, గతంలో గెలిచినవాళ్ల థీసిస్‌లూ పేపర్లూ రెండు మూడు తెరిచి చదవండి. మీ పని వాటి పక్కన నిలబడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.

దొంగ అవార్డులను పక్కన పెట్టండి

‘బెస్ట్ రీసెర్చర్ అవార్డుకు మీరు ఎంపికయ్యారు’ అంటూ వచ్చే మెయిళ్ల గురించి గట్టిగానే చెప్పాలి. అందులో మీ పేపర్ పేరు ఉండదు. ఎంపిక చేసినవాళ్లెవరో ఉండదు. కెమిస్ట్రీ, కామర్స్, తెలుగు, నర్సింగ్ అన్నిటికీ అదే అవార్డు. చివర్లో మాత్రం మెమెంటోకు, సర్టిఫికెట్‌కు ఇంత అని రేటు ఉంటుంది. సంఘంలో సభ్యత్వానికి ఫీజు కట్టడం మామూలే, కొన్నిచోట్ల దరఖాస్తుకూ కొంత తీసుకుంటారు. కానీ ఎంపికయ్యాక డబ్బు అడిగితే అది అవార్డు కాదు, అమ్మకం. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం వస్తుందనే టెన్షన్‌లో ఇలాంటివి కొనుక్కున్న కాలేజీ టీచర్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల జేబుకు చిల్లు పెట్టినవాళ్ల మీదే కోపం. నమ్మదగిన జర్నళ్ల జాబితాగా ఉన్న కేర్ లిస్టును కూడా 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆపేసింది కాబట్టి జర్నల్ అయినా అవార్డు అయినా మంచిచెడ్డలు మనమే తేల్చుకోవాలి.

నోటీసులో తేదీల దగ్గర ఆగండి

‘గత రెండేళ్లలో పీహెచ్‌డీ పొందినవారు’ లాంటి షరతు ఉంటుంది. వైవా తేదీ ఒకటి, యూనివర్సిటీ నోటిఫికేషన్ తేదీ ఇంకొకటి, కాన్వొకేషన్ పట్టా మీద ఉండేది మరొకటి. ఏది లెక్కలోకి వస్తుందో సంఘానికి మెయిల్ చేసి అడగండి. మీరే దరఖాస్తు చేసుకోవచ్చా, వేరేవాళ్లు నామినేట్ చేయాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

పేరు ఒక్కటిగా ఉండాలి

ఒక పేపర్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మూడోదాంట్లో ఒట్టి ఇనీషియల్. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మేడమ్‌ల సంగతి చెప్పక్కర్లేదు. కమిటీ వెతికితే మీ పనిలో సగం కనపడదు. ఆర్కిడ్ అనే 16 అంకెల ఐడీ ఉచితంగా తీసుకుని పేపర్లన్నీ దాని కిందికి చేర్చండి. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ఒక్క పేజీ మీద ఎక్కువ కష్టపడండి

దరఖాస్తుకు ప్రాణం ఆ ఒక్క పేజీ సారాంశమే. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే. ములుగు వైపు డిగ్రీ కాలేజీల మీద థీసిస్ అనుకుందాం. సాధారణంగా ఇలా మొదలవుతుంది: ‘ఈ పరిశోధన ఉన్నత విద్యలో గిరిజన విద్యార్థినులు ఎదుర్కొంటున్న వివిధ సమస్యలను సమగ్రంగా అధ్యయనం చేసింది.’ ఇందులో ఏం తెలిసింది? ఏమీ లేదు. ఇదే ఇలా రాస్తే: ‘రెండో సెమిస్టర్ తర్వాత చదువు మానేసిన అమ్మాయిల్లో ఎక్కువమందికి అడ్డొచ్చింది ఫీజు కాదు, సాయంత్రం ఊరికి బస్సు లేకపోవడం.’ ఉదాహరణ నేను కల్పించిందే, కానీ తేడా చూడండి. రెండోది చదివినవాళ్లు ‘నీకెలా తెలిసింది’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబే రెండో పేరా: ఎంతమందిని కలిశారు, ఎక్కడ, ఎలా. మూడో పేరాలో ఇంతకుముందు ఈ విషయం మీద ఏమనుకునేవాళ్లు, మీ పని దాన్ని ఎక్కడ మార్చింది.

బయటివాళ్లకు మన మాటలు తెలియవు. దోస్త్ అంటే 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే పద్ధతి అనీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే ప్రభుత్వం కాలేజీకి కట్టే ఫీజు అనీ ఒక్కో ముక్కలో చెప్పండి. హెచ్-ఇండెక్స్‌ను మొదటి వాక్యంలో పెట్టకండి. మీ పేపర్లలో ఎన్నింటికి కనీసం అన్నేసి ఉటంకింపులు వచ్చాయో అది చెబుతుంది గానీ మీరు కనుక్కున్నదేమిటో చెప్పదు.

సిఫారసు లేఖలు

పెద్ద పదవిలో ఉన్నవాళ్ల సంతకం కోసం తిరగకండి. మీ థీసిస్ నిజంగా చదివినవాళ్లు కావాలి. గైడ్ ఎలాగూ ఉంటారు, ఇంకొకరు వేరే యూనివర్సిటీ నుంచి అయితే మంచిది, వైవాకు వచ్చిన పరీక్షకులను అడగొచ్చు. కనీసం నెల ముందు అడగండి. ‘నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా’ అనడం మన దగ్గర మామూలే. అప్పుడు లేఖ రాసివ్వకండి. ‘సార్, గుర్తుకోసం పాయింట్లు తెచ్చాను’ అని అర పేజీ ఇవ్వండి. ఒక్కొక్కరికీ వేర్వేరు పాయింట్లు ఇవ్వండి, ఒకరికి ఫీల్డ్‌వర్క్ గురించి, ఇంకొకరికి పద్ధతి గురించి. లేఖలన్నీ ఒకే గొంతుతో ఉంటే కమిటీ ఇట్టే పట్టేస్తుంది.

పంపడం, ఆ తర్వాత

ప్రిన్సిపాల్ ద్వారా పంపాలని ఉంటే ఆ ఫైలు ముందే కదిలించండి, సంతకానికి వారం పట్టినా ఆశ్చర్యం లేదు. అన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి, ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకుని, లాస్ట్ డేట్‌కు రెండు రోజుల ముందే పంపేయండి.

రాకపోతే, లోపమేమిటో చెప్పగలరా అని మర్యాదగా మెయిల్ పెట్టండి. కొందరు జవాబిస్తారు. అర్హత గడువు మిగిలి ఉంటే ఆ సారాంశం పేజీని మార్చుకుని వచ్చే ఏడాది మళ్లీ పంపండి. వస్తే, లేఖలు రాసినవాళ్లకు దినపత్రికలో పడకముందే మీరే ఫోన్ చేసి చెప్పండి, సహ రచయితల పేర్లు ప్రెస్‌నోట్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. మీకు సమాచారం ఇచ్చిన కాలేజీలకు, మీరు కనుక్కున్నది తెలుగులో రెండు పేజీలు రాసి పంపండి.